స్మార్ట్ థర్మోస్టాట్ కొనేముందు బాయిలర్ సంగతి చూడండి: యూకేలో గ్యాస్ హీటింగ్ ఖర్చు తగ్గించుకునే మార్గదర్శి

యూకేలో అక్టోబర్ వచ్చి పొద్దు గూకడం తొందరయ్యేసరికి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో స్మార్ట్ థర్మోస్టాట్ల మీద ఒకటే చర్చ. నెస్ట్ కొనాలా, హైవ్ కొనాలా, టాడో కొనాలా? అందరూ యాప్ బాగుందా, అలెక్సాతో పనిచేస్తుందా అనే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ పరికరం మీ బాయిలర్ మంటను అవసరాన్ని బట్టి తగ్గించి, పెంచగలదా? లేక ఆన్, ఆఫ్ మాత్రమే చేయగలదా? బిల్లులో తేడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది. ఫోన్‌లో ఎంత అందమైన గ్రాఫ్ చూపించినా, బాయిలర్ నీళ్లను 75 డిగ్రీలకు కాస్తూనే ఉంటే మీకు మిగిలేది కొంచెమే.

ముందు సూత్రం అర్థం చేసుకుందాం

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. గ్యాస్ మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఒక ఘనపు మీటరు గ్యాస్‌కి సుమారు లీటరున్నర నీరు. ఆ ఆవిరి అలాగే పొగగొట్టంలోంచి బయటికి పోతే, గ్యాస్‌లోని మొత్తం శక్తిలో దాదాపు పదో వంతు దాంతోపాటే పోతుంది. రేడియేటర్లన్నీ తిరిగి బాయిలర్‌కి వచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆవిరి లోపలే నీరుగా మారి, తన వేడిని అక్కడే వదులుతుంది. రిటర్న్ నీళ్లు ఇంకా చల్లగా ఉంటే ఇంకా లాభం.

బాయిలర్ మీద ఏ-రేటింగ్ స్టిక్కర్ ఉంటుంది. కానీ చాలా ఇళ్లలో పెట్టినవాళ్లు ఫ్లో టెంపరేచర్‌ని, అంటే రేడియేటర్లకు వెళ్లే నీళ్ల వేడిని, 75–80 డిగ్రీల దగ్గర వదిలేసి వెళ్లిపోతారు. అంత వేడిగా పంపితే తిరిగొచ్చేది 60 దాటే ఉంటుంది. కండెన్సింగ్ బాయిలర్‌కి డబ్బు పెట్టి, అది కండెన్స్ కాకుండా మనమే ఆపుతున్నామన్నమాట. అందుకే మంచి కంట్రోల్ చేయాల్సిన మొదటి పని, ఇల్లు వెచ్చగా ఉండటానికి సరిపోయేంత తక్కువ వేడి నీళ్లతో పని కానివ్వడం. షెడ్యూళ్లు, జియోఫెన్సింగ్ (మీ ఫోన్ ఎక్కడుందో చూసి హీటింగ్ మార్చడం), వాయిస్ కమాండ్లు ఆ తర్వాత.

మొదటి అడుగు: ఇంట్లో ఏముందో రాసుకోండి

బాయిలర్ ముందు నిలబడి కంపెనీ పేరు, మోడల్ పూర్తిగా ఫోటో తీసుకోండి. చాలా మోడళ్లకు కింది అంచున లేదా ముందు మూత వెనక స్టిక్కర్ ఉంటుంది. ఆ తర్వాత ఎయిరింగ్ కబర్డ్ తెరిచి చూడండి. పెద్ద వేడినీళ్ల సిలిండర్ లేకపోతే మీది కాంబి, అంటే కుళాయి నీళ్లను అప్పటికప్పుడు వేడి చేసే రకం. సిలిండర్ ఉంటే సిస్టమ్ బాయిలర్ లేదా పాత హీట్-ఓన్లీ రకం. ఈ తేడా తర్వాత ప్రతి నిర్ణయంలోనూ అడ్డొస్తుంది, కాబట్టి ఇక్కడే తేల్చుకోవాలి.

రేడియేటర్లు ఎన్ని, వాటిలో ఎన్నింటికి టీఆర్‌వీ ఉంది, అంటే ఆ రేడియేటర్ వేడిని అదుపు చేసే, పక్కన అంకెలున్న తిప్పే తల, చూడండి. గోడ మీది థర్మోస్టాట్ ఏ గదిలో ఉందో కూడా రాసుకోండి. బ్రిటిష్ ఇళ్లలో అది తరచుగా హాలులో, ముందు తలుపు పక్కన ఉంటుంది. తలుపు తీసినప్పుడల్లా చలిగాలి తగిలి ఇల్లంతా చల్లగా ఉందనుకుని బాయిలర్‌ని పరిగెత్తిస్తుంది.

అద్దె ఇల్లయితే ఓనర్ని లేదా ఏజెంట్‌ని అడగకుండా వైరింగ్ ముట్టుకోవద్దు. అయితే బ్యాటరీతో నడిచే స్మార్ట్ టీఆర్‌వీ తలలు మీరే బిగించుకుని, ఇల్లు మారేటప్పుడు తీసుకుపోవచ్చు. పాత తలలు ఒక కవర్లో పెట్టి దాచుకోండి, ఖాళీ చేసేటప్పుడు ఇన్వెంటరీ చూసేవాళ్లకు అవి కావాలి.

రెండో అడుగు: పైసా ఖర్చు లేని పనులు

పరికరం కొనకముందే చేసేయాల్సినవి ఇవి. నిజానికి కొందరికి ఇక్కడితోనే పని అయిపోతుంది.

కాంబి అయితే, రేడియేటర్ బొమ్మ ఉన్న నాబ్ లేదా బటన్‌తో ఫ్లో టెంపరేచర్‌ని 60కి దించండి. పక్కనే కుళాయి బొమ్మ ఉంటుంది, అది స్నానం నీళ్లది, వేరు. ఫ్లోని 80 నుంచి 60కి దించితే గ్యాస్ సుమారు 6–8 శాతం ఆదా అవుతుందన్నది ఇక్కడి హీటింగ్ పరిశ్రమ లెక్క. ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ సగటు ఇంటికి ఏడాదికి 11,500 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) గ్యాస్ అని లెక్కవేస్తూ వచ్చింది. యూనిట్ 6 పెన్స్ అనుకుంటే అది 690 పౌండ్లు. అందులో 8 శాతం అంటే దాదాపు 55 పౌండ్లు, ఏమీ కొనకుండానే, ప్రతి ఏటా.

ఇక్కడ ఒక హెచ్చరిక. సిలిండర్ ఉన్న ఇంట్లో ఇలా చేయొద్దు. నిల్వ నీళ్లు 60 డిగ్రీలకు చేరకపోతే లెజియొనెల్లా బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. ఆ సిలిండర్‌ని వేడి చేయడానికి ఫ్లో ఇంకా ఎక్కువే ఉండాలి, 65–70 దాకా. ఫ్లో దించాలంటే సిలిండర్‌కి ఒక వేడి, రేడియేటర్లకు ఇంకో వేడి పంపే ఏర్పాటు కావాలి. దాని సంగతి కింద ఐదో అడుగులో వస్తుంది.

రేడియేటర్లు 60 డిగ్రీల నీళ్లకు చెయ్యి కాలేలా ఉండవు. అది చూసి చెడిపోయిందనుకోకండి. ఇంటికి కావాల్సింది మెల్లగా, ఎక్కువసేపు వచ్చే వేడి. మన దగ్గర గీజర్ అలవాటు వేరు: స్నానానికి ముందు స్విచ్ వేసి, అవగానే తీసేస్తాం. ఆ పద్ధతిలో హీటింగ్‌ని గంట సేపు పూర్తి వేడిలో నడిపి ఆపేస్తే ఇల్లు వెచ్చబడేలోపే ఆగిపోతుంది, గోడలు చల్లగానే ఉంటాయి, తేమ చేరుతుంది.

కాంబిలో ప్రీహీట్ అనే వసతి ఉంటుంది, కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావడానికి. దానికోసం రోజంతా మధ్యమధ్యలో బాయిలర్ వెలుగుతుంది. ఎకో మోడ్‌లోకి మారిస్తే కొన్ని సెకన్లు ఆగాలి, అంతే. రేడియేటర్ పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంటే గాలి చేరినట్టు, చిన్న తాళంచెవితో ఆ గాలి వదిలేయండి. కాంబి అయితే తర్వాత బాయిలర్ మీద నీటి ప్రెషర్ ఎంతుందో చూసుకోండి, సాధారణంగా 1 నుంచి 1.5 బార్ ఉండాలి. కిందిభాగం చల్లగా ఉంటే బురద పేరుకున్నట్టు, అది ఇంజినీర్ పని.

మూడో అడుగు: మీ బాయిలర్ ఏ భాష మాట్లాడుతుంది?

జనం ఎక్కువగా వదిలేసేది ఈ భాగాన్నే. దీనికి కాస్త సమయం పెట్టండి.

థర్మోస్టాట్ బాయిలర్‌తో రెండు రకాలుగా మాట్లాడవచ్చు. ఒకటి రిలే: వేడి కావాలి, చాలు, ఈ రెండే మాటలు. బాయిలర్ మీరు పెట్టిన ఫ్లో టెంపరేచర్‌తో నడుస్తుంది, ఆగుతుంది. రెండోది డిజిటల్ మాట: గది లక్ష్యానికి అర డిగ్రీ దూరంలో ఉంది, 45 డిగ్రీల నీళ్లు చాలు అని చెప్పగలదు. దాన్ని బట్టి బాయిలర్ మంట తగ్గించుకుంటుంది. దీన్నే మాడ్యులేషన్ అంటారు.

డిజిటల్ భాషల్లో అందరికీ ఉమ్మడిది ఓపెన్‌థెర్మ్. ఐడియల్, బాక్సీ, ఇంటర్‌గ్యాస్ లాంటి కంపెనీల చాలా మోడళ్లు, వీస్‌మన్ విటోడెన్స్ 100 దీన్ని అంగీకరిస్తాయి. వైలాంట్‌ది సొంత భాష, ఈబస్. వూస్టర్ బోష్‌ది ఈఎంఎస్. అంటే వూస్టర్ బాయిలర్‌కి ఓపెన్‌థెర్మ్ థర్మోస్టాట్ తెచ్చి తగిలిస్తే అది రిలేగా మాత్రమే పనిచేస్తుంది. మీరు డబ్బు పెట్టిన తెలివి వృథా. మీ మోడల్ ఇన్‌స్టాలేషన్ మాన్యువల్‌ని కంపెనీ సైటులో దించుకుని, వైరింగ్ పేజీలో ఓపెన్‌థెర్మ్, ఈబస్ లేదా బయటి సెన్సర్ అనే టెర్మినళ్లు ఉన్నాయేమో వెతకండి. ఈ పదినిమిషాల పని దుకాణంలో గంట చర్చ కంటే విలువైనది.

డిజిటల్ పద్ధతిలో మళ్లీ రెండు. గది ఉష్ణోగ్రత, లక్ష్యం మధ్య తేడా చూసి నీళ్ల వేడి నిర్ణయించేది లోడ్ కాంపెన్సేషన్. ఇంటి బయట ఉత్తరపు గోడకు చిన్న సెన్సర్ పెట్టి, బయట చలిని బట్టి నిర్ణయించేది వెదర్ కాంపెన్సేషన్. బయట మైనస్ 3 ఉంటే 60 డిగ్రీల నీళ్లు, 10 ఉంటే 40 డిగ్రీలు, ఇలా ఒక గీత ప్రకారం. నా ఓటు వెదర్ కాంపెన్సేషన్‌కే. సెన్సర్ ఖరీదు తక్కువ, ఫోన్ అక్కర్లేదు, ఇంట్లో వేడి ఎక్కువ తక్కువలు లేకుండా నిలకడగా ఉంటుంది. యాప్ స్క్రీన్‌షాట్ పెట్టుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి కాబోలు దీనికి ప్రచారం తక్కువ.

ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ తర్వాత కాంబి మార్చి ఉంటే బాయిలర్ ప్లస్ అనే నిబంధన వర్తిస్తుంది. టైమర్, థర్మోస్టాట్‌లతోపాటు నాలుగింటిలో ఒకటి తప్పనిసరి: వెదర్ కాంపెన్సేషన్, లోడ్ కాంపెన్సేషన్, పొగ వేడిని తిరిగి వాడే పరికరం, లేదా ఆటోమేషన్ ఉన్న స్మార్ట్ కంట్రోల్. కాబట్టి మీ ఇంట్లో ఇప్పటికే ఏదో ఒకటి ఉండి, ఎవరూ ఆన్ చేయకుండా పడి ఉండొచ్చు.

నాలుగో అడుగు: గదిగదికీ వేరు కంట్రోల్ కావాలా?

ప్రతి రేడియేటర్‌కి స్మార్ట్ తల పెడితే ఆదా ఎక్కువ అని అమ్మేవాళ్లు చెబుతారు. ఇది సగమే నిజం. కాంబి బాయిలర్లు 24 నుంచి 35 కిలోవాట్ల దాకా ఉంటాయి, అది షవర్ నీళ్ల కోసం. మూడు బెడ్‌రూముల సెమీ ఇంటికి గడ్డకట్టే చలిలో కూడా చాలాసార్లు 6–8 కిలోవాట్లు చాలు. ఒక్క చిన్న గదిలో రేడియేటర్ తెరుచుకుని వేడి అడిగితే దానికి కావాల్సింది ఒక కిలోవాట్. బాయిలర్ మాత్రం తన కనిష్ఠ మంట కంటే, ఉదాహరణకు 5 కిలోవాట్ల కంటే, కిందకు దిగలేదు. నలుగురికి కాఫీ కాచడానికి పెళ్లి గాడిపొయ్యి వెలిగించినట్టు. రెండు నిమిషాల్లో నీళ్లు వేడెక్కిపోయి బాయిలర్ ఆగిపోతుంది, చల్లారి మళ్లీ వెలుగుతుంది. ఈ షార్ట్ సైక్లింగ్‌లో గ్యాస్ వృథా, బాయిలర్ కూడా తొందరగా అరుగుతుంది.

అందుకని పద్ధతి ఇది: ఎప్పుడూ జనం ఉండే గదుల రేడియేటర్లను తెరిచే ఉంచి, నీళ్ల వేడితోనే ఇంటిని అదుపు చేయండి. వాడని గదులకు, ఎక్కువ ఎండ తగిలే గదికి, వంటగదికి మాత్రం టీఆర్‌వీతో కోత పెట్టండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు పగలంతా ఒక్క గదిలోనే ఉంటే, లేదా ఇల్లు పెద్దదై పైన మూడు గదులు ఖాళీగా ఉంటే స్మార్ట్ టీఆర్‌వీలు నిజంగా పనికొస్తాయి. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌కి ఎనిమిది స్మార్ట్ తలలు కొనడం మాత్రం దండగ అనే అంటాను. ఒక్కోటి 40 నుంచి 80 పౌండ్లు, పైగా ఏడాదికో రెండేళ్లకో బ్యాటరీలు.

ఖాళీ గదిని పూర్తిగా మూసేయకండి, 15–16 డిగ్రీలైనా ఉంచండి. మన ఇళ్లలో వంట ఆవిరి ఎక్కువ, బట్టలు లోపలే ఆరేస్తాం. చల్లటి గది గోడకు ఆ తేమ పట్టి, మూలల్లో నల్ల బూజు వస్తుంది. వంటగది ఫ్యాన్ వేయడం, బట్టలు ఆరే గది తలుపు మూసి కిటికీ కొంచెం తీయడం కూడా హీటింగ్ లెక్కలో భాగమే.

ఐదో అడుగు: ఎవరికి ఏది

*వైలాంట్ లేదా వూస్టర్ బోష్ ఉంటే* ఆ కంపెనీ సొంత కంట్రోలే తీసుకోండి. వైలాంట్‌కి బయటి సెన్సర్‌తో సెన్సోకంఫర్ట్, వూస్టర్‌కి ఈజీకంట్రోల్. యాప్ మరీ అందంగా లేకపోవచ్చు, కానీ బాయిలర్‌తో పూర్తిగా మాట్లాడతాయి. టాడో కూడా ఈబస్ అర్థం చేసుకుంటుంది కాబట్టి వైలాంట్‌వాళ్లకు అదో దారి.

*ఓపెన్‌థెర్మ్ ఉన్న బాయిలర్ అయితే* ఎంపిక ఎక్కువ. డ్రేటన్ వైజర్ ఖర్చుకు తగ్గ పని చేస్తుంది, గదులవారీగా తర్వాత పెంచుకోవచ్చు. హనీవెల్ ఎవోహోమ్ 12 జోన్ల (వేరువేరు వేడి పెట్టుకునే భాగాల) దాకా వెళ్తుంది, కానీ ఓపెన్‌థెర్మ్ కోసం వేరే బ్రిడ్జి కొనాలి, మొత్తం ఖర్చు కూడా ఎక్కువే. టాడో బాగుంటుంది, అయితే ఇంట్లో ఎవరూ లేనప్పుడు దానంతట అదే తగ్గించడం, కిటికీ తెరిస్తే ఆపడం లాంటివాటికి నెలసరి చందా అడుగుతుంది. కొనేముందు మూడేళ్ల చందా కలిపి లెక్క వేసుకోండి.

*హైవ్* దుకాణాల్లో ఎక్కువగా కనిపిస్తుంది, వాడటం తేలిక. మార్కెట్లో దొరికే చాలా హైవ్ కిట్లు రిలే పద్ధతివే, కాబట్టి రిసీవర్ (బాయిలర్‌కి తగిలించే పెట్టె) మోడల్ చూడకుండా తీసుకోవద్దు. *నెస్ట్* మూడో తరం లెర్నింగ్ థర్మోస్టాట్‌కి ఓపెన్‌థెర్మ్ ఉంది. కానీ 2025 ఏప్రిల్‌లో గూగుల్ ఇకపై యూరప్‌లో కొత్త నెస్ట్ థర్మోస్టాట్లు తీసుకురామని ప్రకటించింది. అదే ఏడాది అక్టోబర్ 25 నుంచి మొదటి, రెండో తరాల వాటికి యాప్ సదుపాయం ఆపేసింది. ఇప్పటికే గోడ మీద ఉంటే వాడుకోండి. ఈరోజు కొత్తగా కొనమని మాత్రం నేను చెప్పను.

*సిలిండర్ ఉన్న ఇల్లయితే* అడగాల్సిన మాట ప్రయారిటీ హాట్ వాటర్. సిలిండర్ వేడెక్కేటప్పుడు మాత్రమే ఎక్కువ వేడి, మిగతా సమయంలో రేడియేటర్లకు తక్కువ వేడి పంపే ఏర్పాటు ఇది. వీస్‌మన్, వైలాంట్ సిస్టమ్ బాయిలర్లలో చాలావాటికి కుదురుతుంది. పాత ఎస్-ప్లాన్, వై-ప్లాన్ వైరింగ్‌ని మార్చాలి కాబట్టి, ఆ పని తెలిసిన మనిషిని వెతకండి. అందరు ఇంజినీర్లకూ ఇది అలవాటు ఉండదు.

ఇంకో సంగతి. చలికాలంలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి నెలల తరబడి ఉంటారు. మీరు ఆఫీసులో ఉండగా వాళ్లకు చలేస్తే? యాప్‌లో మాత్రమే వేడి పెంచగల పరికరం వాళ్లకు టెన్షన్ తప్ప సుఖం కాదు. గోడ మీద తిప్పే డయల్, పెద్ద అంకెలు ఉన్నది చూడండి. ఇంటర్నెట్ పోయినా షెడ్యూల్ నడుస్తుందా అని కూడా అడగండి.

ఆరో అడుగు: బిగించడం

స్మార్ట్ టీఆర్‌వీ తల మీరే మార్చుకోవచ్చు. చాలా వాల్వులకు ఎం30 మర సరిపోతుంది, డాన్‌ఫాస్ లాంటివాటికి పెట్టెలోనే అడాప్టర్లు ఇస్తారు. థర్మోస్టాట్ వైరింగ్‌లో 230 వోల్టులు ఉంటాయి. మీకు విద్యుత్ పని తెలిస్తే తప్ప దాన్ని ముట్టుకోవద్దు. బాయిలర్ మూత విప్పాల్సిన పని ఏదైనా గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజినీరే చేయాలి. కార్డు అడిగి, వెనకవైపు ఏయే పనులకు అర్హత ఉందో చూడటానికి మొహమాటపడొద్దు.

ఇంజినీర్ వచ్చినప్పుడు మూడు పనులు ఒకేసారి చేయించుకోండి. మొదటిది, ఓపెన్‌థెర్మ్ లేదా ఈబస్ వైర్లకే కనెక్షన్ ఇవ్వమని స్పష్టంగా చెప్పండి. అలవాటుకొద్దీ రిలే టెర్మినళ్లకు ఇచ్చి వెళ్లేవాళ్లు చాలామంది. రెండోది రేంజ్ రేటింగ్: హీటింగ్‌కి వాడే గరిష్ఠ మంటను ఇంటికి తగ్గట్టు 10 కిలోవాట్లో, 12 కిలోవాట్లో చేయడం. షవర్ నీళ్లకు దీనివల్ల తేడా రాదు. మూడోది బైపాస్: టీఆర్‌వీలన్నీ మూసుకున్నా నీళ్లు తిరిగే దారి ఒకటి ఉండాలి. థర్మోస్టాట్‌ని జనం కూర్చునే గదిలో, రేడియేటర్‌కీ ఎండకీ దూరంగా పెట్టించండి. ఆ గది రేడియేటర్‌కి టీఆర్‌వీ ఉంటే పూర్తిగా తెరిచేయండి, లేకపోతే రెండూ పోట్లాడుకుంటాయి.

ఏడో అడుగు: మొదటి కొన్ని వారాల సర్దుబాటు

నిజమైన ఆదా ఇక్కడ వస్తుంది. ఓపిక కావాలి. పెట్టిన రోజే వదిలేస్తే పాత థర్మోస్టాట్‌కీ దీనికీ తేడా ఉండదు.

వెదర్ కాంపెన్సేషన్‌లో హీటింగ్ కర్వ్ అని ఒక అంకె ఉంటుంది, బయట ఎంత చలికి నీళ్లు ఎంత వేడి కావాలో చెప్పేది అదే. మొదట కొంచెం తక్కువే పెట్టండి. బాగా చలి ఉన్న రోజున ఇల్లు లక్ష్యానికి చేరకపోతే ఒక మెట్టు పెంచండి, ఒకటి రెండు రోజులు ఆగి చూడండి. ఓపెన్‌థెర్మ్ ఉన్న కాంబివాళ్లు బాయిలర్ మీద గరిష్ఠ ఫ్లోని 60–65 దగ్గర ఆపి, మిగతాది థర్మోస్టాట్‌కి వదిలేయండి. రిలే మాత్రమే ఉన్న కాంబివాళ్లు చేత్తోనే చేయాలి: 60తో మొదలుపెట్టి, తేలికపాటి చలిలో 50, జనవరిలో అవసరమైతే 65.

ఎంత తగ్గించవచ్చన్నది రేడియేటర్ల సైజు చెబుతుంది. కేటలాగులో రాసిన వాట్లు, రేడియేటర్ సగటు వేడి గది కంటే 50 డిగ్రీలు ఎక్కువ ఉన్నప్పటివి. ఫ్లో 55, రిటర్న్ 45 అయితే అదే రేడియేటర్ ఇచ్చేది దాదాపు సగం. ఇంగ్లండ్‌లో 2022 జూన్ నుంచి కొత్త హీటింగ్ వ్యవస్థలను గరిష్ఠంగా 55 డిగ్రీల ఫ్లోకి డిజైన్ చేయాలన్న నియమం ఉంది. కొత్త ఇళ్లలో రేడియేటర్లు పెద్దగా కనిపించడానికి కారణం ఇదే. పాత ఇంట్లో ఒక్క గది మాత్రమే చల్లగా ఉంటే ఇల్లంతటికీ ఫ్లో పెంచకండి. ఆ ఒక్క రేడియేటర్ పెద్దది వేయించడం నయం.

రాత్రి హీటింగ్ పూర్తిగా ఆపేయాలా? రోజంతా నడిపితేనే చవక అన్న మాట తప్పు. లోపల, బయట తేడా ఎంత ఎక్కువసేపు ఉంటే అంత వేడి పోతుంది. కానీ తక్కువ ఫ్లోతో నడిచే ఇంటిని తెల్లవారేసరికి 14కి పడిపోనిస్తే, మళ్లీ ఎక్కడానికి చాలా సేపు పడుతుంది. రాత్రికి రెండు మూడు డిగ్రీలు తగ్గించి, పొద్దున కాస్త ముందుగా మొదలుపెట్టడం చాలా ఇళ్లకు సరిపోతుంది. పగటిపూట 18 నుంచి 21 మధ్య చూసుకోండి. ఇంట్లో కనీసం 18 ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వృద్ధులు, పసిపిల్లలు ఉన్నచోట ఆదా కోసం దానికంటే కిందికి వెళ్లొద్దు.

డిసెంబర్‌లో సంక్రాంతి దాకా ఇండియా వెళ్తున్నారా? మెయిన్ స్విచ్ తీసేసి పోవద్దు. పైపులు గడ్డకట్టి పగిలితే మిగిల్చిన గ్యాస్ డబ్బు లెక్కలోకే రాదు. హాలిడే మోడ్‌లో 12 డిగ్రీల చుట్టుపక్కల పెట్టి, తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కేముందు ఫోన్‌లోనే 19కి పెంచండి. యాప్ ఉన్నందుకు నిజంగా సంతోషించే సందర్భం ఇది.

ఎనిమిదో అడుగు: పనిచేస్తోందో లేదో కొలవండి

బిల్లుని బిల్లుతో పోల్చకండి, రేటు మారుతుంది, చలీ మారుతుంది. స్మార్ట్ మీటర్ నుంచి వారానికి వాడిన యూనిట్లు తీసుకోండి. ఆ వారం ప్రతి రోజు బయటి సగటు ఉష్ణోగ్రత 15.5 కంటే ఎంత తక్కువో రాసి కూడండి. ఇక్కడ డిగ్రీ-డేస్ అంటారు దీన్ని. ఉదాహరణకు ఏడు రోజులూ సగటు 5.5 ఉంటే 70 డిగ్రీ-డేస్. ఆ వారం 420 యూనిట్లు వాడితే ఒక్కో డిగ్రీ-డేకి 6 యూనిట్లు. సర్దుబాటుకు ముందు ఒక అంకె, తర్వాత ఒక అంకె. రెండో అంకె తగ్గాలి.

తగ్గకపోతే బాయిలర్ దగ్గరే పావుగంట నిలబడి చూడండి. రెండు మూడు నిమిషాలకోసారి వెలిగి ఆరుతుంటే షార్ట్ సైక్లింగ్, మూసిన టీఆర్‌వీలు తెరవండి, లేదా రేంజ్ రేటింగ్ తగ్గించమనండి. బాయిలర్ కింద నుంచి డ్రెయిన్‌కి వెళ్లే తెల్లటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు కారే చప్పుడు లేకపోతే కండెన్సింగ్ జరగడం లేదు, కాంబి అయితే ఫ్లో ఇంకో 5 డిగ్రీలు దించండి. డిజిటల్ కనెక్షన్ ఇప్పించుకున్న తర్వాత కూడా బాయిలర్ తెర మీద ఫ్లో అంకె ఎప్పుడు చూసినా ఒకటే ఉంటే వైర్లు రిలే టెర్మినళ్లలోనే ఉండి ఉంటాయి, బిగించిన మనిషిని మళ్లీ పిలవాల్సిందే.